విల్లీ చవారియా దారిలో నేనూ వెళ్లొచ్చా?

ప్రశ్న, లాస్ ఏంజెలెస్ నుంచి:
అందరికీ నమస్కారం. మాది సిరిసిల్ల. నాన్న ఒక ఆసామి దగ్గర మరమగ్గం నడుపుతారు. ఫ్యాషన్ డిజైన్‌లో మాస్టర్స్ చేయడానికి ఈ మధ్యే వచ్చాను. క్లాసులో ఎవరిని కదిపినా విల్లీ చవారియా అనే ఫ్యాషన్ డిజైనర్ పేరే. పొలం కూలీల కుటుంబం నుంచి పారిస్ దాకా వెళ్లాడంటున్నారు. చదువు అవ్వగానే నేనూ సొంత లేబుల్ పెట్టొచ్చా?

న్యూయార్క్ నుంచి:
చెల్లీ, ఆ కథలో పారిస్ ఒక్కటే చూడకు. ఆయన పుట్టింది కాలిఫోర్నియాలో ఫ్రెస్నో కౌంటీలోని హ్యూరన్ అనే చిన్న వ్యవసాయ ఊళ్లో. తండ్రి మెక్సికన్-అమెరికన్, తల్లి ఐరిష్-అమెరికన్. శాన్ ఫ్రాన్సిస్కోలో చదివింది గ్రాఫిక్ డిజైన్. జో బాక్సర్ అనే లోదుస్తుల కంపెనీలో మొదట చేరింది షిప్పింగ్ విభాగంలో, అంటే పెట్టెలు సర్దే చోట. తర్వాత రాల్ఫ్ లారెన్, అమెరికన్ ఈగిల్, న్యూయార్క్‌ సోహోలో సొంత కొట్టు. 2015లో తన పేరు మీద లేబుల్ పెట్టేనాటికి వయసు యాభైకి దగ్గర. అప్పటికీ జీతం ఉద్యోగం వద్దనుకోలేదు, 2021లో కాల్విన్ క్లైన్‌లో పెద్ద పదవిలో చేరాడు. 2023, 2024లో వరసగా సీఎఫ్‌డీఏ (అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల సంఘం) వాళ్ల మెన్స్‌వేర్ డిజైనర్ అవార్డు, 2025 జనవరిలో పారిస్‌లో షో. ముందు ఒకరి దగ్గర ప్యాటర్న్ కట్ చేయడం, ఫిట్టింగ్, కాస్టింగ్ (షోకి మోడళ్లను ఎంచుకోవడం) నేర్చుకో. వేరేవాళ్ల డబ్బుతో తప్పులు చేసే అవకాశం మళ్లీ రాదు.

ఇర్వైన్ నుంచి:
అమ్మా, లేబుల్ సంగతి తర్వాత. ఇల్లు తీసుకున్నావా? కుట్టు మిషన్ పెట్టుకునేవాళ్లకు డిపాజిట్ పెద్ద టెన్షన్. మా అమ్మాయి కూడా ఇదే చదువు. ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ పంపిన బిల్లు చూసి మాకు నోట మాట రాలేదు. కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె మచ్చ ఒకటి, అరచేతి వెడల్పు కూడా ఉండదు. దానికి హాలు మొత్తానికి కొత్త కార్పెట్ ఖర్చు వేశాడు. ఆ కార్పెట్ మేం దిగేనాటికే దారాలు లేచిపోయి ఉంది. పైగా గుండుసూదులు ఏరినందుకు విడిగా క్లీనింగ్ చార్జి! కాలిఫోర్నియాలో 21 రోజుల్లోపు లెక్క రాసి మిగతా డబ్బు ఇచ్చేయాలి. ఆ ముక్కే ఉత్తరంలో రాసి, చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తామన్నాం. అంతే, చెక్కు వచ్చింది. దిగిన రోజే మూలమూలా ఫోటోలు తీసుకో. 2024 జూలై నుంచి డిపాజిట్ ఒక నెల అద్దె మించకూడదు, రెండు నెలలు అడిగితే ఇవ్వకు.

శాన్ హోసే నుంచి:
ఇర్వైన్ అన్నగారూ, ఒకటి రెండు ఇళ్లే ఉన్న చిన్న ఓనర్లు రెండు నెలలు అడగొచ్చు, చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. ఇక న్యూయార్క్ గారూ, మీరు అసలు ముక్క వదిలేశారు. చవారియా ఇక్కడే పుట్టాడు, ఎన్నేళ్లు ఎవరి దగ్గర పని చేసినా అడిగేవాళ్లు లేరు. ఈ అమ్మాయిది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, ఫ్యాషన్ డిజైన్ మామూలుగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందికి రాదు కాబట్టి మన ఐటీ పిల్లల్లా ఇంకో 24 నెలలు దొరకవు. ఓపీటీలో సొంత వ్యాపారం కూడా కుదరదు.

న్యూయార్క్ నుంచి:
కుదురుతుంది సార్. చదువుకు సంబంధించిన పనైతే ఓపీటీలో సొంతంగా చేసుకోవచ్చు, ఖాళీగా మాత్రం 90 రోజులు మించి ఉండకూడదు. కుదరనిది ఇప్పుడు, చదువుతుండగా. ఇన్‌స్టాగ్రామ్‌లో బ్లౌజులు కుట్టి అమ్మినా అనుమతి లేని పనే. చెల్లీ, ఈ మాట మాత్రం మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే డీఎస్‌ఓ నోట విను, మా ఇద్దరి నోటా కాదు. తర్వాత అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే ఓ-1 వీసా ఉంది, కానీ దానికి అవార్డులు, పత్రికల్లో వచ్చినవి చూపాలి. నువ్వు చేసిన ప్రతి షో కాగితం దాచుకో.

శాన్ హోసే నుంచి:
మోడళ్లకు హెచ్-1బీ ఉంది, ఆ బట్టలు గీసినవాళ్లకు మాత్రం డిగ్రీతో పనేంటని సవాలక్ష ప్రశ్నలు! అదలా ఉంచండి. అడిడాస్‌తో కలిసి చవారియా చేసిన చెప్పుల గొడవ మాట ఎవరూ ఎత్తరేం? 2025 ఆగస్టులో మెక్సికోలో ఒహాకా రాష్ట్రంలోని యలాలాగ్ ఊరివాళ్ల వరాచేల (అక్కడి సంప్రదాయ తోలు చెప్పులు) అల్లికను వాళ్లను అడగకుండా తీసుకున్నారని మెక్సికో ప్రభుత్వమే మండిపడింది.

న్యూయార్క్ నుంచి:
ఎత్తాల్సిందే. ఆయన క్షమాపణ చెప్పాడు, అడిడాస్ వాళ్లు ఆ ఊరికే వెళ్లి చెప్పారు. తన వేర్లు మెక్సికోలో ఉన్నంత మాత్రాన అక్కడి అల్లిక అడగకుండా వాడుకోవడం చెల్లలేదు. తెలుగువాళ్లమే కదా అని రేపు పోచంపల్లి ఇక్కత్‌ను ప్రింట్ కొట్టించి అమ్మితే అక్కడి నేతగాళ్లూ ఇలాగే అడుగుతారు.

ఇర్వైన్ నుంచి:
ప్రింట్ ఇక్కత్ అమ్మని కొట్టు, మన ఇండియన్ షాపులుండే ఆర్టీషియాలో ఒక్కటి చూపించండి చూద్దాం. అమ్మా, ఇంతకీ అద్దె అగ్రిమెంట్‌లో నీ పేరు ఉందా, లేక రూమ్‌మేట్ పేరు మీదేనా?