బురద నేలలో చిన్న పడవకు ఏ లంగరు పట్టు ఇస్తుంది?

ప్రశ్న

నమస్కారమండి. మేము మేరీల్యాండ్‌లో ఉంటున్నాము. ఈ వేసవిలో 20 అడుగుల పాత మోటారు పడవను కొని, వారాంతాల్లో పిల్లలతో చెసపీక్ బేలోకి వెళ్తున్నాము. పడవతో పాటు పుట్టగొడుగు ఆకారపు 15 పౌండ్ల లంగరు, 50 అడుగుల తాడు వచ్చాయి. పోయిన శనివారం రోడ్ నదిలో 9 అడుగుల లోతున లంగరు దించి, 30 అడుగుల తాడు వదిలి భోజనానికి కూర్చున్నాము. గాలి కాస్త పుంజుకోగానే, పక్కన ఆగి ఉన్న తెరచాప పడవ మా మీదికి వస్తోందని మా అమ్మాయి కేక వేసింది. చూస్తే కదులుతున్నది మేమే. వెంటనే ఇంజను వేసి తప్పుకున్నాము. ఇంకా బరువైన లంగరు కొంటే సరిపోతుందా?

సమాధానం 1

బరువు పెంచినందువల్ల మీ ఇబ్బంది తీరదండి. చిన్న పడవను పట్టి ఉంచేది లంగరు బరువు కాదు, అది నేలలోకి ఎంత లోతుగా దిగబడిందన్నదే. పుట్టగొడుగు లంగరు నెలల తరబడి ఒకే చోట ఉండి బురదలో కూరుకుపోతే గట్టిగానే నిలుస్తుంది. పూటకోసారి దించి ఎత్తే పడవకు మాత్రం అది పనికిరాదు.

రెండో లోపం తాడు పొడవు. తాడు లెక్క నీటి లోతుతో కాదు, పడవ ముందుభాగంలో తాడు జారే చోటు నుంచి అడుగు నేల దాకా ఉన్న ఎత్తుతో వేయాలి. మీకు నీరు 9 అడుగులు, పడవ ఎత్తు సుమారు 3 అడుగులు, పోటు వస్తే పెరిగే నీటికి మరో అడుగు, మొత్తం 13. దానికి ఏడింతలంటే 91 అడుగుల తాడు వదలాలి. మీరు వదిలింది రెండున్నర రెట్లకు కూడా రాలేదు కనుక, గాలి లాగిన ప్రతిసారీ తాడు లంగరును పైకి ఎత్తిందే తప్ప నేల వెంబడి లాగలేదు. అడ్డంగా లాగితేనే లంగరు నేలలోకి దిగబడుతుంది.

బురదకు, ఇసుకకు డాన్‌ఫోర్త్ రకం తీసుకోండి. పొడవాటి కాడ, దానికి మడతపడేలా అమర్చిన రెండు చదునైన రెక్కలు ఉండే లంగరు అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒడ్డెక్కిన సైనిక పడవలు తమను తాము తిరిగి నీటిలోకి లాక్కోవడానికి ఈ రకాన్ని వాడాయి. తక్కువ బరువుతో అంత పట్టు ఇవ్వడమే దాని గొప్పతనం. మీ పడవకు 8 పౌండ్లది చాలు. లంగరుకు ఆరడుగుల పావు అంగుళం గొలుసు, దానికి 150 అడుగుల నైలాన్ తాడు కట్టండి. నైలాన్ సాగుతుంది కాబట్టి అల తాకిడిని తనలో తీసుకుంటుంది. నీటిపై తేలే పాలీప్రొపిలీన్ తాడు వద్దు. గొలుసును కలిపే షాకిల్ (U ఆకారపు ఇనుప కొక్కెం) పిన్ను విప్పుకోకుండా సన్నని తీగ చుట్టడం మరవకండి.

దించేటప్పుడు పడవ ముక్కును గాలికి ఎదురుగా పెట్టి, పూర్తిగా ఆగాక లంగరును చేత్తో మెల్లగా వదలాలి, విసరకూడదు. పడవ వెనక్కి కొట్టుకుపోతుండగా తాడు వదులుతూ పోయి, చివర క్లీట్‌కు (పడవ మీద తాడు చుట్టి కట్టే కొమ్ముల దిమ్మకు) బిగించి, ఇంజనును నెమ్మదిగా రివర్సులో నడపాలి. అప్పుడు తాడు మీద అరచేయి పెట్టి చూడండి. లంగరు జారుతుంటే తాడు గరగరమంటూ వణుకుతుంది, పట్టు దొరికితే బిగుసుకుని నిశ్చలంగా ఉంటుంది. ఒడ్డున ముందొకటి, వెనకొకటి ఒకే వరుసలో కనిపించే రెండు గుర్తులను పెట్టుకుంటే, ఆ వరుస చెదిరిందంటే కదులుతున్నారని అర్థం.

సమాధానం 2

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. వేసవి మధ్యాహ్నాల్లో చెసపీక్ మీద ఉరుముల వాన పట్టిందంటే గాలి ఒక్కసారిగా దిక్కు మారుతుంది. అప్పుడు డాన్‌ఫోర్త్ ఊడివచ్చి, కాడకూ రెక్కలకూ మధ్య ఆల్చిప్పో మట్టిగడ్డో ఇరుక్కుంటే మళ్లీ దిగబడదు. రాత్రి నిద్రించే ఉద్దేశం ఉంటే రోక్నా వంటి పార ఆకారపు లంగరు మేలు. దాని 4 కిలోలది మీ పడవకు తగినదే. అది మడతపడదు కాబట్టి పెట్టుకోవడానికి ముందుభాగంలో చోటు కావాలి. పగటి పూట, మనిషి మెలకువగా ఉన్నంతసేపు, డాన్‌ఫోర్త్ చాలు.

ఏ లంగరైనా సరే, వెనుకవైపు నుంచి మాత్రం కట్టకండి. మోటారు బరువుకు ఆ వైపు అసలే కిందికి ఉంటుంది. తాడు బిగిసి అల తగిలితే నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. చిన్న పడవలు ఇలాగే మునిగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. డాన్‌ఫోర్త్ కొని, నిన్న అదే చోట 90 అడుగులు వదిలాను. మూడు గంటలు కదలలేదు. అయితే ఎత్తబోతే ఎంత లాగినా రాలేదు. భుజాలు పట్టేశాయి.

సమాధానం 1

చేతులతో పెనుగులాడకండి. ఇంజనును నెమ్మదిగా నడుపుతూ, తాడు మోటారు రెక్కలకు చుట్టుకోకుండా లోపలికి లాక్కుంటూ, లంగరుకు సరిగ్గా పైన చేరండి. తాడు నిట్టనిలువుగా రాగానే ముందుభాగపు క్లీట్‌కు బిగించి, మీ చేతులను దూరంగా పెట్టుకుని, పడవను రెండడుగులు ముందుకు పోనివ్వండి. కాడ నిలబడగానే పట్టు సడలుతుంది. పైకి వచ్చేటప్పుడు రెక్కల మీద బూడిదరంగు బంకమట్టి ముద్దలుగా ఉంటుంది. నీటి మట్టం దగ్గరే నాలుగైదు సార్లు ముంచి ఆడించి, ఆ తరువాతే లోపలికి తీసుకోండి.