ఘాటు వాసన వచ్చే పాత చీజ్: నోటికి రుచిగా ఉంటుందా? ఏది ముందు తినాలి?

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు
పీజా మీది మొజరెల్లా, అంగట్లో దొరికే క్యూబ్ చీజ్ తప్ప ఇంకేమీ అలవాటు లేని ఇంట్లో బ్లూ చీజ్, కామెంబేర్, లింబర్గర్ లాంటివి మొదలుపెట్టాలంటే ఏ వరసలో పోవాలి? వాసన మాసిన సాక్సు మాదిరి ఉంటుందంటారు. నోట్లో కూడా అదే రుచా? బెంగళూరు నుంచి బస్సులో తేవాలి, అదీ మే నెలలో. ఇంట్లో అందరూ శాకాహారులు. వివరంగా చెప్పండి.

పెన్నేటి_గట్టు, అనంతపురం
నోట్లో అదే రుచి కాదన్నా. ఎందుకో తెలిస్తే తినే పద్ధతీ తెలిసిపోతుంది.

లింబర్గర్, మన్‌స్టర్ లాంటివాటిని మాగబెట్టేటప్పుడు పైతోలును ఉప్పునీళ్లతో పదేపదే తుడుస్తారు. ఆ తడి మీద బ్రెవిబాక్టీరియం అనే బాక్టీరియా పెరిగి నారింజ రంగు జిగురు పొర కడుతుంది. మనిషి పాదాల మీద ఉండే సూక్ష్మజీవులకు ఇది దగ్గరి చుట్టం, సాక్సు వాసన అందుకే. మలేరియా దోమ పాదాల వాసనకు ఎట్లా వస్తుందో లింబర్గర్ వాసనకూ అట్లే వస్తుందని చూపిన పరిశోధనకు 2006లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. ఈ బాక్టీరియాకు గాలి కావాలి, కాబట్టి తోలు మీదే ఉంటుంది. తోలు 3 మిల్లీమీటర్ల మందాన కోసి తీసేస్తే లోపలిది వెన్న, ఉప్పు, పుట్టగొడుగుల కూర కలిసినట్టు కమ్మగా ఉంటుంది.

బ్లూ సంగతి వేరు. అందులో నీలిరంగు బూజు లోపలికంటా పెరగాలని చీజ్‌ను సూదులతో పొడిచి గాలి పంపిస్తారు. ఆ బూజు పాలకొవ్వును విరగ్గొట్టడం వల్లే ఘాటు. తోలు తీసినా ఇది తగ్గదు. మొదటిసారే బ్లూ తిన్నవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోయేది ఇందుకే.

వరస ఇట్లా పెట్టుకోండి: ఏడాది మాగిన గౌడా లేదా చెడ్డార్ లాంటి గట్టి చీజ్, తర్వాత పైన తెల్లటి బూజు తోలుండే మెత్తటి కామెంబేర్, తర్వాత మెత్తగా, కాస్త తియ్యగా ఉండే గోర్గొంజోలా డోల్చే లాంటి బ్లూ, ఆ పైన గట్టి బ్లూ, చివర లింబర్గర్. పాత గౌడాలో పంటికి కరకరమనే తెల్లటి గింజలు ఎక్కువగా టైరోసిన్ అనే అమైనో ఆమ్లపు స్ఫటికాలు. పాడైందని పారెయ్యొద్దు, బాగా మాగిందనడానికి అదే గుర్తు.

శెనగగింజంత ముక్క చాలు. నాలుక మీద పెట్టి, నోరు మూసి నిదానంగా కరగనిచ్చి, ముక్కుతో గాలి బయటికి వదలండి. అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. ఊరిబిండి తిన్న నోటితో మాత్రం వద్దు, ఆ కారం ముందు ఏ చీజ్ అయినా ఉత్త ఉప్పగానే ఉంటుంది. పక్కన బాగా కాల్చి ఆరనిచ్చిన జొన్నరొట్టె ముక్క, ఉప్పు వేయకుండా వేయించిన బుడ్డలు (వేరుశెనగలు) పెట్టుకోండి. బ్లూకైతే నాలుగు చుక్కల తేనె, లేదా బాగా మాగిన బంగినపల్లి ముక్క. మామిడి తీపికి ఆ ఉప్పు ఎంత బాగా కుదురుతుందో తిని చూడాల్సిందే.

దేవుని_కడప, కడప
వరస సరిగ్గా చెప్పారు. బస్సు సంగతి నేను రాస్తా.

థర్మోకోల్ డబ్బా, అడుగునా పైనా ఐస్ ప్యాక్, మధ్యలో నాలుగు మడతల న్యూస్ పేపర్. ఐస్ నేరుగా తగిలితే చీజ్ అంచులు గడ్డకడతాయి, తర్వాత కరిగినప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టకూడదనేదీ ఇందుకే.

తినే ముందు గది వేడికి రానివ్వాలని అన్నిచోట్లా రాస్తారు. ఆ మాట 20 డిగ్రీలుండే ఊళ్లకు. మన దగ్గర మేలో ఇంట్లోనే 36 ఉంటే పాలకొవ్వు కరిగి పైకి నూనె కారుతుంది, రుచి జిడ్డుగా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి 10, 15 నిమిషాలు చాలు. చలికాలమైతే 45.

దాచేటప్పుడు బటర్ పేపర్‌లో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్ బిగిస్తే తేమ నిలిచి తోలు బంకబంకగా అవుతుంది. రెండు రోజులకోసారి మూత తీసి కాగితం మార్చండి. బ్లూకు డబ్బా వేరే, చాకు వేరే. లేకుంటే ఆ బూజు పక్కనున్న పన్నీరుకూ పాకుతుంది.

శాకాహారం విషయంలో లేబుల్ చూడకుండా కొనొద్దు. పాలు విరవడానికి వాడే రెన్నెట్‌ను సంప్రదాయంగా దూడ కడుపులోంచి తీస్తారు. ఇటలీ గట్టి చీజ్ అసలు పార్మిజానో రెజ్జానోకు అదే వాడాలని నియమం కూడా ఉంది. మనకు కావలసింది మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసిన) రెన్నెట్ అని రాసినది, పచ్చ చుక్క ఉన్నది.

గర్భిణులకు కామెంబేర్, బ్లూ పచ్చిగా పెట్టొద్దు, లిస్టీరియా అనే బాక్టీరియాతో ప్రమాదం. డిప్రెషన్‌కు ఎంఏఓ ఇన్హిబిటర్ అనే రకం మందులు, లేదా లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ వాడేవాళ్లు పాత చీజ్ ముట్టకూడదు. అందులోని టైరమిన్ అనే పదార్థం ఆ మందులతో కలిసి బీపీని ఒక్కసారిగా పెంచుతుంది.

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు
చాలా థాంక్స్ అన్నా. ఒక్క సందేహం: ఎట్లాగూ కంపు కొట్టేదే కదా, నిజంగా పాడైందని కనుక్కునేదెట్లా?

పెన్నేటి_గట్టు, అనంతపురం
అమ్మోనియా వాసనను పట్టుకోండి, కళ్లు మండేలా ఉంటుంది. కామెంబేర్ కాగితం విప్పగానే కొంచెం రావడం మామూలే. ఫ్రిజ్‌లోనే ఒక గంట విప్పి ఉంచండి. అప్పటికీ పోకుండా, ముక్క నాలుకను చురుక్కుమనిపిస్తే మాగడం దాటిపోయినట్టే, పారెయ్యండి. మెత్తటి చీజ్ మీద నల్లగానో గులాబీ రంగులోనో కొత్త మచ్చ వచ్చినా మొత్తం తీసెయ్యాలి. గట్టి చెడ్డార్ మీదైతే మచ్చ చుట్టూ, కిందా 2.5 సెంటీమీటర్లు కోసేసి మిగతాది తినొచ్చు. కోసేటప్పుడు చాకు ఆ మచ్చకు తగలకూడదు.