మధురవాడ అపార్ట్‌మెంటులో తడిచెత్తతో గ్యాస్ ప్లాంటు: రోజుకో సిలిండర్ సాధ్యమేనా?

ప్రశ్న: మధురవాడ, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి

అందరికీ నమస్కారం. విశాఖపట్నం మధురవాడలో 64 ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంటు సంఘానికి ఈ ఏడాది నేను కార్యదర్శిగా ఉన్నాను. పోయిన నెలలో వారం రోజులపాటు తడిచెత్తను వేరుగా తీయించి కాటా వేయిస్తే, రోజుకు సగటున 45 కిలోలు తేలింది. అందులో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీపొడి పిప్పి ఎక్కువ. ఆదివారాలు చేపల తలలు, పొలుసులు, రొయ్యల పెంకులు కూడా చేరతాయి. ప్రస్తుతం ఇదంతా బండెక్కి కాపులుప్పాడ చెత్త యార్డుకు పోతోంది.

ఒక కంపెనీ వారు వచ్చి, 1,500 లీటర్ల ట్యాంకు పెడితే ఈ చెత్తతోనే రోజుకు ఒక వంటగ్యాస్ సిలిండరుకు సమానమైన గ్యాస్ వస్తుందని, దానిని కాపలావారి కుటుంబాలకూ క్లబ్‌హౌస్ వంటగదికీ వాడుకోవచ్చనీ చెప్పారు. సభ్యుల్లో సగం మంది వెంటనే ఒప్పుకుందామంటున్నారు. మిగతావారు మాత్రం, ఇలాంటివి కొన్ని అపార్ట్‌మెంట్లలో పెట్టి కంపు భరించలేక మూసేశారని గుర్తుచేస్తున్నారు. కంపెనీ చెప్పిన లెక్క నమ్మదగినదేనా, ఇవి ఎందుకు పాడవుతాయి, మా తోట నుంచి రాలే ఆకులు, కొబ్బరి బొండాల డిప్పలు కూడా ఇందులో వేయవచ్చా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ఎం.వి.పి. కాలనీ, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు

కార్యదర్శి గారికి, ముందుగా కాటా వేయించి అడిగినందుకు అభినందనలు. తూకం లేకుండా ఈ విషయం మాట్లాడేవారే ఎక్కువ.

లెక్క చూద్దాం. వంటింటి తడిచెత్తలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే ఉంటుంది. అన్నం, పప్పు వంటి వండిన పదార్థాలు ఎక్కువగా ఉంటే కిలోకు 100 లీటర్ల చొప్పున బయోగ్యాస్ ఆశించవచ్చు. ఆనపకాయ తొక్కలు, ఆకుకూర కాడలు ఎక్కువైతే అది 50 లీటర్లకు పడిపోవచ్చు. మీ 45 కిలోలకు రోజుకు మూడు నుంచి నాలుగున్నర ఘనమీటర్లు న్యాయమైన అంచనా. ఈ గ్యాస్‌లో 55 నుంచి 65 శాతం వరకే మండే వాయువైన మీథేన్ ఉంటుంది, మిగిలినదంతా దాదాపు బొగ్గుపులుసు వాయువే కాబట్టి, ఒక ఘనమీటరు బయోగ్యాస్ సుమారు 450 గ్రాముల వంటగ్యాస్‌తో సమానం. నాలుగు ఘనమీటర్లంటే రోజుకు 1.8 కిలోలు. అంటే 14.2 కిలోల సిలిండరుకు సమానమైన గ్యాస్ రావడానికి ఇంచుమించు ఎనిమిది రోజులు పడుతుంది. రోజుకో సిలిండర్ కావాలంటే 300 కిలోలకు పైగా మంచి ఆహార వ్యర్థం కావాలి. కాబట్టి వారు చెప్పిన మాట నిజం కాదు. కానీ నెలకు మూడు నాలుగు సిలిండర్లు కూడా తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

నన్ను ఇంకా కలవరపెట్టింది ఆ ట్యాంకు పరిమాణం. 45 కిలోల చెత్తకు అంతే నీరు కలిపితే రోజుకు 90 లీటర్ల జావ లోపలికి వెళుతుంది, అంతే బయటికి వస్తుంది. 1,500 లీటర్ల ట్యాంకులో అది పదిహేడు రోజులైనా నిలవదు. మన వాతావరణంలో కనీసం 30 నుంచి 40 రోజులు నిలవాలి. మీకు మూడు నుంచి మూడున్నర వేల లీటర్ల ట్యాంకు కావాలి.

పాడవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. గాలి చొరబడని ఆ ట్యాంకులో పని అంచెలంచెలుగా సాగుతుంది. మొదట కొన్ని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, మాంసకృత్తులను, కొవ్వులను విడగొడతాయి. మరికొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి. చివరి జట్టు ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తయారుచేస్తుంది. ఆమ్లాలు చేసేవి గంటల్లో పెరుగుతాయి. మీథేన్ చేసేవి నిదానమైనవి, వాటి సంఖ్య రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. మనం ఒక్కసారిగా ఎక్కువ మేత వేస్తే ఆమ్లం పేరుకుపోయి, ఆ నిదానమైన జట్టు చచ్చుబడిపోతుంది. ఆమ్లత్వాన్ని చూపే పిహెచ్ 6.8 నుంచి 7.5 మధ్య ఉన్నంతవరకు భయం లేదు, అది ఆరు వైపు జారుతోందంటే మేత ఆపేయవలసిందే. మందుల షాపులో దొరికే పిహెచ్ కాగితాలతో వారానికి రెండుసార్లు చూసుకుంటే చాలు.

జవాబు 2: సీతమ్మధార, గృహిణి

నమస్కారమండీ. మూసేసిన ప్లాంట్లలో మా అపార్ట్‌మెంటుదీ ఒకటి, అందుకే రాస్తున్నాను. మొదటి ఐదు నెలలు చక్కగా నడిచింది. నీలిమంటతో, మసి లేకుండా మా కాపలాదారు ఇంట్లో రెండు పూటలా వంట అయ్యేది. వినాయక చవితి నిమజ్జనం రోజున మిగిలిన పులిహోర, ఉండ్రాళ్ళు, అన్నం కలిపి ఒకేసారి అరవై కిలోల దాకా అందులో కుమ్మరించాము. పారేయడం కంటే ఇది పుణ్యం కదా అనుకున్నాము. మూడోరోజుకు పుల్లటి కంపు, వారానికి మంట ఆరిపోవడం మొదలైంది. గ్యాస్ రావడం లేదని ఇంకా ఎక్కువ చెత్త వేశాము. పైన మాస్టారు గారు రాసినది చదివాక, ఆకలిగా ఉందనుకుని అజీర్తి చేసినవాడికి అన్నం పెట్టామని అర్థమైంది.

రెండో విషయం, మనిషి. మాకు చెత్త రుబ్బి పోసే పని ఒక్క పారిశుద్ధ్య కార్మికుడికే తెలుసు. అతను సంక్రాంతికి ఊరు వెళ్లి రెండు వారాలు రాలేదు. ఎవరి చేతుల్లోనైనా ఇది నడుస్తుందని కంపెనీవారు చెప్పిన మాటను నమ్మి, ఇంకొకరికి నేర్పించకపోవడం మా తప్పే. మీరు పెట్టేటట్లయితే కనీసం ఇద్దరికి నేర్పించి, ఆ పనికి వేరుగా జీతం కలపండి.

జవాబు 3: పద్మనాభం, రైతు

కార్యదర్శి గారికి నమస్కారం. మా ఇంట్లో రెండు ఘనమీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ఉంది, ఇటుకలతో గుమ్మటంలా భూమిలో కట్టేది. 1984లో వచ్చిన నమూనా ఇది. ఐదు పశువుల పేడ, రోజుకు యాభై కిలోలు, అంతే నీళ్లు. ఐదుగురికి వంట జరిగిపోతుంది. పేడ కిలోకు 40 లీటర్ల గ్యాసే వస్తుంది. మీ అన్నం, పప్పు దానికి రెట్టింపుకు పైగా ఇస్తాయి. పేడంటే ఆవు కడుపులో ఒకసారి అరిగి, సారమంతా అది తీసుకున్నాక మిగిలిన మేత కదా! అయితే అందుకే పేడ ప్లాంటు పాడవడం కూడా అరుదు, మీది నాజూకు.

గ్యాస్ కంటే నాకు ఎక్కువ లాభం స్లర్రీ, అంటే గ్యాస్ పోగా బయటికి వచ్చే జావ. గొట్టంలోంచి వచ్చిన స్లర్రీని నీటితో కలిపి మడుల్లోకి వదులుతాను. మొక్కకు కావలసిన నత్రజని, భాస్వరం, పొటాష్ పోకుండా అందులోనే మిగులుతాయి. మీకు రోజుకు 90 లీటర్ల స్లర్రీ వస్తుంది. అది ఎక్కడికి పోవాలో ట్యాంకు పెట్టకముందే తేల్చుకోండి. డ్రైనేజీలోకి వదిలితే మాత్రం ఇరుగుపొరుగుతో తగాదా తప్పదు.

చేపల తలలు రోజూ కొద్దికొద్దిగా వేయవచ్చు, ఆదివారానివన్నీ ఒకేసారి వద్దు. రొయ్యల పెంకులు, ఎముకలు, గుడ్డు పెంకులు అడుగున చేరి ట్యాంకును పూడ్చేస్తాయి. పాడైపోయిన ఆవకాయ జాడీలు ఇందులో ఖాళీ చేయనివ్వకండి. అంత ఉప్పు సూక్ష్మజీవులకు పడదు. పైపులో నీరు చేరుతుంది కాబట్టి పల్లపు చోట నీరు వదిలే కుళాయి పెట్టించండి. మన తీరంలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, పైగా ఆ గ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసన ఇచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అందువల్ల ఇనుప డ్రమ్ము వద్దు. ట్యాంకు లోపలికి మాత్రం, ఖాళీ చేశాక కూడా, ఎవరినీ దిగనివ్వకండి. అందులో గాలి ఆడక ప్రాణాలు పోతాయి.

కార్యదర్శి

ముగ్గురికీ కృతజ్ఞతలు. రోజుకో సిలిండర్ మాట అబద్ధమని తెలిసి నిరాశపడతానని అనుకున్నాను కానీ, అసలు లెక్క చేతికొచ్చినందుకు ధైర్యంగా ఉంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే, 5,000 చదరపు మీటర్లు మించిన నివాస సముదాయాలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే వినియోగించుకోవాలని ఉండేది. మాది ఆ పరిధిలోకే వచ్చేది. ఇక ఆకులు, బొండాల డిప్పల సంగతి ఎవరైనా చెబుతారా?

జవాబు 4: ఎం.వి.పి. కాలనీ, విశ్రాంత అధ్యాపకుడు

అవి ఇందులో వేయవద్దు. కొబ్బరి పీచు, ఎండుటాకులు, పుల్లల్లో లిగ్నిన్ ఉంటుంది. కట్టెకు కట్టెదనాన్ని ఇచ్చే పదార్థమది. గాలి లేని చోట ఈ సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టలేవు. అవి పైకి తేలి తెట్టులా గట్టిపడి గ్యాస్‌ను అడ్డుకుంటాయి. ఆకులను వేరుగా కంపోస్టు చేయండి.

డిప్పలు, పుల్లల వంటి కట్టెదనం ఉన్నవాటికి తగిన దారి ఎండబెట్టి మండించడం. అనకాపల్లి బెల్లం గానుగల దగ్గర పొయ్యిలను చూసినవారికి ఇది వేరుగా చెప్పనవసరం లేదు. రసం తీసిన చెరకు పిప్పిని ఎండలో ఆరబోసి, ఆ పిప్పితోనే ఆ రసాన్ని కాస్తారు. చక్కెర కర్మాగారాలు అదే పిప్పిని బాయిలర్లలో మండించి, ఆవిరితో టర్బైన్లు తిప్పి విద్యుత్తు తీస్తాయి. ఎండినది మంటకు, తడిసినది ట్యాంకుకు అని విడదీసుకుంటే రెండూ పనికొస్తాయి. కాపులుప్పాడలో చెత్తను మండించి విద్యుత్తు తీసే ప్లాంటుకు కూడా మీ తడిచెత్త అక్కడికి వెళ్లకపోవడమే మేలు, ఎందుకంటే అందులోని నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది.

కార్యదర్శి

మాస్టారూ, ధన్యవాదాలు. నిన్న రాత్రి సమావేశంలో మీ లెక్కలన్నీ చదివి వినిపించాను. ఆ కంపెనీ ప్రతిపాదనను పక్కన పెట్టి, ముందు రెండు నెలలు తడిచెత్త వేరుచేయడం అలవాటు చేసి, ఆ తరువాత మూడు వేల లీటర్ల ట్యాంకుకు వేరే చోట ధరలు అడగాలని నిర్ణయించాము. ఇద్దరికి శిక్షణ, స్లర్రీకి తోట చివర రెండు మడులు కూడా తీర్మానంలో రాయించాను. పద్మనాభం అన్నగారూ, మొదలుపెట్టడానికి పేడ మీ దగ్గర దొరుకుతుందా?

జవాబు 5: పద్మనాభం, రైతు

తప్పకుండా ఇస్తానండీ. అయితే పేడ ఒక్కటే కాకుండా, మా గుంతలోని స్లర్రీ నాలుగైదు వందల లీటర్లు పట్టుకెళ్లండి, అందులో మీథేన్ చేసే జీవులు సిద్ధంగా ఉంటాయి. మూత ఉన్న డ్రమ్ములు తెచ్చుకోండి, మధురవాడ చేరేలోపు ఎండ తగలకూడదు. పోశాక రెండు మూడు వారాలు చెత్త ఏమీ వేయకండి. మొదట వచ్చే గ్యాస్ మండదు, దాన్ని బయటికి వదిలేయండి. మంట నిలకడగా వచ్చాక రోజుకు ఐదు కిలోలతో మొదలుపెట్టి, వారానికి మరో ఐదు చొప్పున పెంచండి. 45 కిలోలకు చేరడానికి రెండు నెలలు దాటుతుంది. సంఘంలో తొందరపెట్టేవారికి ఆ తేదీని ఇప్పుడే చెప్పి ఉంచండి.