పాలచౌడు (ఉప్పు పేరిన నేల) మడికి ఏ వరి రకం వేయమంటారు?

నమస్కారమండీ. మాది నాగాయలంక వైపు, సముద్రపు పోటు నీరు మురుగు కాలువలోకి ఎగదన్నే చోటు. ఎండ కాస్తే గట్ల వెంట తెల్లగా ఉప్పు పేరుతుంది. నాటిన నారు ఆకుల కొసలు తెల్లబడి, మాడిపోయి, కుదుళ్లు ఖాళీ అవుతున్నాయి. మట్టి పరీక్షలో ఇ.సి. (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 6 దాటింది, పి.హెచ్. 7.9. అంటే పాలచౌడే, జిప్సం కంటే మంచినీళ్లు పెట్టి ఉప్పు కడిగి మురుగులోకి వదలడమే మేలని నా అభిప్రాయం. కానీ కాలువ నీళ్లు ఆలస్యమైతే? వరి నారు దశలోనూ పూత దశలోనూ ఉప్పుకు అస్సలు ఓర్చుకోదు, అదే టెన్షన్.

మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ల, ఉప్పును తట్టుకునే వరి రకాలు ఎంసీఎం 100, ఎంసీఎం 101 వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దిగుబడి ఎలా వచ్చింది, చేను పడిపోకుండా నిలబడిందా? ముందు జీలుగ (పచ్చిరొట్ట పైరు) వేసి దమ్ములో కలియదున్నితే తేడా కనిపించిందా? త్వరలో విత్తనం కొనాలి, దయచేసి చెప్పండి.