పక్కనే కొత్త టవర్లు లేస్తున్నాయి, ఈ దుమ్ముకి మీరేం చేశారు?

ఎనిమిదో అంతస్తు
మేం హైదరాబాద్ పుప్పాలగూడలో ఉంటాం. దీపావళి అయ్యాక ఎదురు స్థలంలో సెల్లార్ తవ్వకం మొదలైంది. ముందు రాళ్లు పేల్చారు, ఇప్పుడు బ్రేకర్లు పెట్టి పగలగొడుతున్నారు. పొద్దున తుడిచిన బాల్కనీ గ్రిల్లు మీద మధ్యాహ్నానికి వేలు పెడితే గీత పడుతోంది. తులసి కోట బూడిద రంగుకి తిరిగింది, అమ్మ పూజకి ముందు ఆకు ఆకూ కడుక్కుంటోంది. ఆవిడకి ఉబ్బసం. వారానికి ఒకసారో రెండుసార్లో వాడే పంపు (ఇన్‌హేలర్) ఇప్పుడు రోజూ రెండు పూటలా కావాల్సి వస్తోంది. ఫోన్‌లో చూస్తే మాత్రం గాలి ‘సంతృప్తికరం’ అనే వస్తోంది. తలుపులు బిగించుకుని కూర్చోవడం కాక ఇంకేం చేయొచ్చు? ఇది పడ్డవాళ్లు చెప్పండి.

తెల్లాపూర్ మూడేళ్లు
ముందు ఆ ఫోన్ అంకె సంగతి. ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీలో దుమ్ముకి తీసుకునేది 24 గంటల సగటు. పొద్దున 8 నుంచి 11 దాకా మీ ఎదురుగా రాయి కొడితే, ఆ మూడు గంటల దుమ్ము రాత్రి ప్రశాంతంగా ఉన్న గంటల్లో కలిసిపోతుంది. పైగా ఆ అంకె గాలిని కొలిచే స్టేషన్ ఉన్న చోటిది. కోకాపేటలో స్టేషన్ ఉంది కానీ అది మీ బాల్కనీలో లేదు కదా.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో స్టేషన్ తెరిచి పీఎం10 (10 మైక్రాన్లలోపు దుమ్ము రేణువులు) విడిగా చూడండి. తవ్వకం, టిప్పర్లు, ఇసుక కుప్పల నుంచి లేచేది ఎక్కువగా ఆ పెద్ద రేణువే. మన దేశంలో పీఎం10కి 24 గంటల పరిమితి ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2021లో చెప్పింది 45. అంటే మన దగ్గర ‘పరిమితిలోపే ఉంది’ అన్న రోజు కూడా ఉబ్బసం ఉన్నవాళ్లకి మంచి రోజు కాకపోవచ్చు. అమ్మగారి మందు మోతాదు మాత్రం మీరే పెంచేయకండి, డాక్టర్‌కి ఈ తవ్వకం సంగతి చెప్పి అడగండి.

సైట్‌లో పనిచేసేవాణ్ణి
పన్నెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. దుమ్ము ఆపడం చేతకాక కాదు, ట్యాంకర్ నీళ్ల ఖర్చు ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గర ఆగిపోతుంది. తవ్వేవాడు ఒక కాంట్రాక్టరు, మట్టి తోలేవాడు ఇంకొకడు. నీళ్లు కొట్టడం ఇద్దరి లెక్కలోనూ ఉండదు.

నేను చూసినంతలో పనిచేసేది గేటు దగ్గర టైర్లు కడిగే గుంట. టిప్పర్ టైర్లకి అంటిన మట్టి రోడ్డెక్కి, ఎండి, ప్రతి బండి కిందా మళ్లీ మళ్లీ లేస్తుంది. సైట్‌లో ఎంత నీళ్లు కొట్టినా ఆ గుంట లేకపోతే వీధికి విముక్తి లేదు. రెండోది, రాయి గానీ టైల్ గానీ కోసేటప్పుడు బ్లేడు మీద నీటి ధార. పొడిగా కోస్తే లేచే ఆ తెల్లటి పొగని మామూలు దుమ్ము అనుకోకండి. మన హైదరాబాద్ గ్రానైట్‌లో క్వార్ట్‌జ్ ఉంటుంది, అంటే సిలికా. ఊపిరితిత్తుల్లో దిగితే తిరిగి రాదు.

ఇంకొక్క మాట. మీ ఇంటికి వచ్చే దుమ్ము గాలిలో పలచబడి వస్తుంది. సైట్ వెనక రేకుల షెడ్లలో కూలీల పిల్లలు దాంట్లోనే ఆడుకుంటున్నారు. ఫిర్యాదు చేసేటప్పుడు వాళ్లనీ రాయండి.

మాది నార్సింగే
అన్నా, నువ్వు చెప్పింది నిజం. మా చిన్నప్పుడు గీడ జొన్న చేన్లు, గుట్టలు ఉండె. గిప్పుడు గుట్ట లేదు, మా ఇంటి ముంగట టిప్పర్ల లైనే. రాత్రి పది దాటితె ఒకటి పోతనే ఇంకోటి వస్తది. పైన కవర్ కప్పమని డ్రైవర్‌కు చెప్తె, తాడు కట్టనీకి టైం లేదంటడు. మేమందరం కలిసి పోయి సూపర్‌వైజర్‌తోని మాట్లాడినం. ఒక్కలం పోతె ఇనలేదు, ఇరవై మందిమి పోయినంక పొద్దుగాల, సాయంత్రం ట్యాంకర్ వస్తున్నది. ఎండకాలంల అది చాలదు, మూడుసార్లన్న కొట్టాలె.

కొల్లూరు కాగితాలు
మాకు ఫలితం ఇచ్చిన దారి ఇది. మొత్తం నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లు, ఆ పైన ఉండే ఇలాంటి టవర్లకి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ముందే పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతి లేఖ కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతుంది. తెరిచి చదవండి, దుమ్ము గురించి షరతులు నంబర్లతో సహా ఉంటాయి. ఆ షరతులు పాటిస్తున్నామని బిల్డరు ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది ఎవరైనా చూడొచ్చు.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన దుమ్ము నియమాలు వేరే ఉన్నాయి. ఇసుక, మట్టి కుప్పలు కప్పకుండా వదలకూడదు. చుట్టూ గాలి అడ్డు తెర భవనం ఎత్తులో మూడో వంతు ఉండాలి, గరిష్ఠంగా 10 మీటర్లు. నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి. ఏమేం చేస్తున్నారో అందరికీ కనపడేలా బోర్డు పెట్టాలి. మా దగ్గర ఫ్లాట్ల ధరల హోర్డింగ్ నాలుగంతస్తుల ఎత్తున ఉంది, ఈ బోర్డు మాత్రం లేదు.

అధికారులకి పెట్టిన మొదటి ఫిర్యాదులో ‘దుమ్ము విపరీతంగా వస్తోంది’ అని రాశాం. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి షరతు నంబరు రాసి, దాని కింద తేదీ, టైం కనపడే ఫోటో, మళ్లీ ఇంకో షరతు, ఇంకో ఫోటో, ఇలా ఆరు పేజీలు పంపాం. తొమ్మిదో రోజు సైట్ చూడటానికి వచ్చారు. ఆ వారంలోనే గాలి అడ్డు తెర కట్టారు.

కొత్త తాళాలు
టవర్ పూర్తయితే తీరిపోతుందనుకుంటారేమో. మేం నల్లగండ్లలో కొత్త ఫ్లాట్‌లో దిగి ఏడాదిన్నర అవుతోంది. పైన, కింద, పక్కన ఇంటీరియర్ పనులు ఆగనే లేదు. పుట్టీ రుద్దుడు, ప్లైవుడ్ కోత. ఆ పొడి లిఫ్ట్ సందుల్లోంచి, మెయిన్ డోర్ కింద నుంచి వస్తోంది. మా అసోసియేషన్‌లో పనులకి టైం పెట్టారు, ఫ్లాట్ తలుపు మూసే కోయాలన్నారు, కారిడార్‌లో కోస్తే జరిమానా. అప్పటి నుంచి బిడ్డ దగ్గు తగ్గింది. తలుపు కింద తడిగుడ్డ ఇంకా తీయలేదు.

ఎనిమిదో అంతస్తు
అందరికీ దండం. పరివేశ్‌లో లేఖ దొరికింది. నీళ్లు చల్లడం, కుప్పలు కప్పడం రెండూ అందులో ఉన్నాయి. నిన్న పొద్దున 9:10కి, 10:30కి బాల్కనీలోంచి ఫోటోలు తీశాను. కప్పని ఎం-శాండ్ (రాతిని పొడి చేసి తీసే ఇసుక) కుప్ప, దాని పక్కనే ఇద్దరు పిల్లలు. మా బ్లాక్‌లో పదిహేడు ఇళ్లవాళ్లు సంతకం పెట్టారు, ఆదివారం అందరం కలిసి గేటు దగ్గరికి వెళ్తున్నాం. టైర్లు కడిగే గుంట అడుగుతాం. అమ్మని అక్క వాళ్ల ఇంటికి వరంగల్ పంపించాను, నిన్న రాత్రి పంపు అవసరం పడలేదట.

సైట్‌లో పనిచేసేవాణ్ణి
గుంట అడిగేటప్పుడు పొడవు కూడా అడగండి. టైరు పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత ఉండాలి, లేకపోతే సగం మట్టి అలాగే రోడ్డెక్కుతుంది.