హెచ్1బీ ఉద్యోగ వీసా మీద కొత్తగా అమెరికా వచ్చాను, చేతిలో ఎంత ఉంచుకోవాలి?

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి ఆరు వారాలైంది, రెండు జీతాలు పడ్డాయి. ఇంటి దగ్గర చదువు లోను ఉంది. ఇక్కడ కారు కొనాలి. ఆఫీసులో అందరూ 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) అంటున్నారు. ముందు దేనికి పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పెద్దవాళ్లు చెప్పండి.

---

తమ్ముడూ, ముందు జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానెయ్. సంపాదనా డాలర్లలోనే, ఖర్చూ డాలర్లలోనే.

నా సంగతి చెప్తాను. ఒక మంగళవారం పొద్దున పావుగంట కాల్‌లో నా ఉద్యోగం పోయింది. అప్పటికి చేతిలో ఉన్నది నెలన్నర ఖర్చు. మిగతాదంతా కొంత 401కేలో, కొంత ఊళ్లో ప్లాటు మీద, కొంత చీటీలో. కాగితం మీద లెక్కేస్తే బాగా ఉన్నవాణ్ణే. అద్దెకు మాత్రం మా బావమరిదిని అడగాల్సి వచ్చింది. ఆ ఫోన్ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మన పరిస్థితి ఇక్కడి వాళ్లది కాదు. ఉద్యోగం పోతే మనకు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు కాగితం) అంతకంటే ముందే ముగిసిపోతే అప్పటిదాకానే. 2017 జనవరి నుంచి ఇదే రూలు. శని, ఆదివారాలూ లెక్కలోకి వస్తాయి. ఆలోపు ఇంకో కంపెనీ మన పేరు మీద హెచ్1బీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ (వీసా రకం) మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి, లేదా బయల్దేరాలి. హెచ్1బీ గడువుకు ముందే కంపెనీ తీసేస్తే తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీ ఇవ్వాలి, కానీ అది నీ ఒక్కడికే. రేపు పెళ్లయి పిల్లలుంటే వాళ్ల టికెట్లు నీవే. లీజు మధ్యలో వదిలేస్తే దానికీ కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ప్లాన్‌లో ఉండనిచ్చే చట్టం) కింద కొనసాగించుకోవచ్చు కానీ, అన్నాళ్లూ కంపెనీ భరించిన వాటా కూడా మన నెత్తినే, పైన ఇంకో 2 శాతం దాకా. బిల్లు చూసి నేను తప్పు పడిందేమో అనుకున్నాను.

అందుకే ఆరు నెలల ఖర్చు అంటాను. 60 రోజులే కదా, రెండు నెలలది చాలదా అనుకోకు. స్టేటస్ మార్చుకుని ఉంటే జీతం లేకుండా ఎన్నాళ్లు గడుస్తుందో చెప్పలేం. ఆ డబ్బు ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ బీమా ఉన్న బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో పెట్టు, 2,50,000 డాలర్ల దాకా భద్రం. 401కే నుంచి 59½ ఏళ్లు రాకముందే తీస్తే పన్నుతో పాటు మామూలుగా 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. కంపెనీ ఎంతవరకు కలుపుతుందో అంతవరకు కట్టి ఆపు.

ఇక పొదుపు అంటావా, కాఫీల లెక్క రాసుకుంటూ కూర్చోకు. అద్దె, కారు, ఈ రెండింటి దగ్గరే అంతా తేలిపోతుంది. క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి లోను వడ్డీ గట్టిగానే వేస్తారు. ఏడాది పాటు రూమ్మేట్లతో ఉండి, పాత కారు నగదుతో కొనుక్కో.

---

అన్నయ్య గారితో ఒక్కచోట ఏకీభవించను. ఇంటి దగ్గర లోను వడ్డీ రెండంకెల్లో ఉంటే ఆరు నెలలది పోగయ్యేదాకా ఆగక్కర్లేదు. మూడు నెలలది చేరగానే మిగులులో సగం లోనుకు పంపించు బాబూ. మరీ ఎక్కువ పంపి అక్కడి ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల రూపాయల) ఖాతాలో మాత్రం పడేయకు. వెనక్కి తెప్పించుకోవాలంటే పన్ను కాగితాల చుట్టూ తిరగాలి.

ఇంకోటి. అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే అప్పటికప్పుడు టికెట్ ధర ఎంతుంటుందో నాకు తెలుసు. అది విడిగా తీసిపెట్టు. కార్డు మీద కొని, కనీస మొత్తం కడుతూ నెట్టుకొచ్చిన ఏడాది నా జీవితంలో ఉంది.

---

చాలా థాంక్స్ అన్నా, అక్కా. నెలకు ఎంత పక్కకు తీయాలో తేల్చుకోలేకపోతున్నాను.

---

బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఒక నెల అద్దె, కరెంటు, ఫోను, తిండి, లోను కూడు. అది నీ నెల ఖర్చు. మిగిలినదాంట్లో సగానికి తగ్గకుండా జీతం పడే రోజే సేవింగ్స్‌కు వెళ్లేలా ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టు. నెలాఖరున మిగిలింది వేద్దామంటే నాకెప్పుడూ మిగల్లేదు. కారు చూడ్డానికి ఒక్కడివే వెళ్లకు, శనివారమైతే నేనూ వస్తాను.