అప్‌డేట్: విజయనగరంలో పిల్లలతో ఆరు వారాలు

మేము దత్తత తీసుకోబోయే తొమ్మిదేళ్ల అమ్మాయి, ఆమె ఏడేళ్ల తమ్ముడు మమ్మల్ని చూడగానే గోడకు ఒదిగిపోతున్నారని, అమెరికా తీసుకెళ్లేలోపు దగ్గర కాగలమా అని అడిగిన దంపతులం మేమే. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ‘కారా’ నుంచి నిరభ్యంతర పత్రం వచ్చాక, కలెక్టరు గారి దత్తత ఉత్తర్వు వెలువడేలోపు, పిల్లలను తాత్కాలిక సంరక్షణ కింద మా అద్దె ఇంటికి పంపారు. అయిదేళ్లు దాటిన పిల్లల సమ్మతి తప్పనిసరి కనుక వారినీ అడిగారు. ఇద్దరూ తలూపారు గానీ, అది ఇష్టమో భయమో నాకు అప్పుడు తెలియలేదు.

మొదటి వారంలోనే పాప దిండు కింద సగం ఇడ్లీ కనిపించింది. తీసేస్తే మరునాడు రెండు దాచింది. దాంతో మందలించడం మాని, మంచం పక్కన జంతికల స్టీలు డబ్బా పెట్టి, అది ఎప్పుడూ ఖాళీ కాకుండా చూశాము. పది రోజులకు దాచడం ఆగిపోయింది. పిల్లలు ఇదివరకు ఉన్న ఆశ్రమంలో వంట చేసే ఆవిడ దగ్గరకు వారిని వారానికోసారి తీసుకెళ్లడం నాకు మొదట అసూయగానే అనిపించింది (ఒప్పుకోవాలి కదా), కానీ తిరిగి వచ్చిన రాత్రులే వాళ్లు నిశ్చింతగా నిద్రపోయేవారు.

నన్ను ‘మేడమ్’ అనే పాప, ఒక సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద, “అమ్మా, ఆడికి దాహమేస్తందంట” అంది. నేను సీసా మూత తీయలేక తడబడ్డాను. బాబు మాత్రం మా వారి చేయి ఇంకా పట్టుకోడు. ఇప్పుడు పాస్‌పోర్టుల కోసం ఎదురుచూస్తున్నాము. విమానంలోకి ఆ డబ్బా రానిస్తారా అన్నదే వాడి ప్రశ్న.